గోటికి తగిలిన గీత

నాకు కోపం ఎక్కువ. గొప్ప కోసం చెప్పుకుంటున్న మాట కాదిది. సికింద్రాబాద్‌లో మా షెడ్డు ఉన్న సందులో ఎవరినడిగినా ముందు ఈ మాటే చెబుతారు, ఆ తర్వాతే నాకు పని బాగా వచ్చని చెబుతారు. కార్ల ఏసీలు బాగు చేస్తాను. పెళ్ళయిన ఏడాదే షెడ్డు పెట్టాను కాబట్టి పెళ్ళికెంత వయసో షెడ్డుకూ అంతే, ఇరవై ఆరేళ్ళు. ఇన్నేళ్ళలో పనికి కుదిరినవాళ్ళెవరూ నా నోటి ముందు నెల రోజులు నిలవలేదు. పోతే పోయారులే అని ఒక్కడినే చేసుకుంటూ వచ్చాను. ఆ షెడ్డు ఈ ఎండాకాలం మూతపడాల్సింది. ఎందుకు పడలేదో చెబుదామని ఇది రాస్తున్నాను.

కారు ఏసీలో కష్టమంతా కంప్రెసర్‌ది. ఇంజను బెల్టు తిప్పితే తిరుగుతూ, గ్యాసును ఒత్తి పైపుల్లోకి తోసే లోహపు డబ్బా అది. దాని ముందు నుంచి వేలు లావున ఒక షాఫ్ట్ బయటికి వస్తుంది. షాఫ్ట్ బయటికి రావాలి, గిరగిరా తిరగాలి. లోపలి గ్యాసు మాత్రం ఒక్క బుడగంత కూడా రాకూడదు. ఈ రెండూ ఒకేసారి జరిగేలా చూసేది షాఫ్ట్ చుట్టూ గాజులా కూర్చునే చిన్న రబ్బరు సీలు. అది పాడైతే గ్యాసు మెల్లమెల్లగా పోతుంది. ఇవాళ చల్లగా ఉన్న కారు మూడు వారాలకు కుంపటవుతుంది. పెద్ద వర్క్‌షాపుల్లో కంప్రెసర్ మొత్తం కొత్తది వేయించుకోమంటారు. నేను విప్పి, కడిగి, సీళ్ళు మార్చి, మళ్ళీ బిగించి ఇస్తాను. నా అన్నం అదే.

నాకు ఈ పని నేర్పింది మా ఉస్తాద్. మౌలాలి గుట్ట కింద, మా ఇంటికి రెండు సందుల అవతల ఉండేవాడు. ఇప్పుడు లేడు. పాత షాఫ్ట్ మంచిదో కాదో చూడమంటే నేను దాన్ని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పేవాణ్ణి. ఆయన నెత్తి మీద ఒకటిచ్చి, "కండ్లు ముయ్యి. గోరు ఏం చెప్తదో ఇను" అనేవాడు. సీలు రాసుకున్న చోట ప్రతి పాత షాఫ్ట్ మీదా ఒక మెరిసే గీత ఉంటుంది. కంటికి అన్నీ ఒకటే. గోటిని అడ్డంగా లాగితే నున్నగా జారిపోయిందా, ఆ షాఫ్ట్ మంచిది. వెంట్రుకంత తట్టినా దాని మీద కొత్త సీలు వేయడం దండగ, ఎంత మంచి సీలయినా కారుతుంది. సీలు తొడిగేటప్పుడూ అంతే. దాని అంచు సరిగ్గా కూర్చుందా, మడత పడిందా అన్నది లోపలెక్కడో జరిగే సంగతి. చూడటానికి వీలుండదు, వేలికే తెలియాలి. రబ్బరుతో జబర్దస్తీ చేయకూడదు, బుజ్జగించి మనాయించాలి అనేవాడు ఆయన.

లీకు ఎక్కడుందో చూడటానికి అందరూ సబ్బు నురగ పూస్తారు. మా ఉస్తాద్ కుంకుడుకాయ నురగ పూసేవాడు. సబ్బు నురగ మన ఎండకు ఇట్టే ఆరిపోతుంది. కుంకుడు నురగ నిలబడుతుంది, ఎంత సన్నని లీకుకైనా బుడగ లేస్తుంది. ఆయన పోయినా ఆ అలవాటు నాతో ఉండిపోయింది. ఆదివారం మా ఆవిడ తలకు పోసుకోవడానికి కుంకుడుకాయలు కొట్టి నానబెట్టినప్పుడు నా వాటా ఒక సీసాలో పోసి మూత పెడుతుంది. నాకన్నా నా కంప్రెసర్లే ఎక్కువసార్లు తలస్నానం చేస్తాయని వేళాకోళమాడుతుంది. అందులో అబద్ధమేమీ లేదు.

ఇక నా వేళ్ళ సంగతి. నాకు షుగరుంది. మాత్రలు గుర్తొచ్చినప్పుడు వేసుకునేవాణ్ణి. ఎవరైనా గుర్తు చేస్తే కోపం వచ్చి, ఆ పూట వేసుకునేవాణ్ణి కాదు. పోయిన చలికాలం చివర్లో ఒకరోజు షెడ్డులో పళ్ళెంలోంచి ఓ రింగు తీశాను. పైపుల జాయింట్ల దగ్గర వేసే సన్నని రబ్బరు చుట్టు అది. రెండు వేళ్ళతో పట్టుకుని తెచ్చి, దాని జాగాలో పెట్టబోయాను. వేళ్ళ మధ్య ఏమీ లేదు. రింగు పళ్ళెంలోనే ఉంది. పట్టుకున్నానన్న నమ్మకం ఉంది, రింగొక్కటే లేదు. షట్టరు సగం దించి స్టూలు మీద కూర్చుని, ఒక్కొక్క వేలినీ రేకు అంచుకు రాసి చూసుకున్నాను. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, రెండు చేతులవీ కొసలు మొద్దుబారిపోయాయి. గుడ్డ చుట్టుకుని ముట్టుకున్నట్టుంది. నాకు భయమేసింది. నాకు చేతనైన పని ఒక్కటే, దానికి కావలసినవి ఆ ఆరు వేలికొసలే.

ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతాను? ఏసీ మెకానిక్కు వేళ్ళు పోయాయని తెలిస్తే మర్నాటి నుంచి ఏ కారూ మా సందులోకి తిరగదు. మా ఆవిడకైతే అసలే చెప్పకూడదనుకున్నాను. ఆమె చీరలకు ఫాల్స్ కుడుతుంది, జాకెట్లకు హుక్కులు కుడుతుంది. నేను షెడ్డు మూసేస్తే ఆ సూది మీదే ఇల్లు నడవాలి. ఆ ఆలోచన వస్తేనే నాకు అన్నం సయించేది కాదు. సయించకపోతే కోపం వచ్చేది. కోపం వస్తే ఇంట్లో ఎదురుగా ఉండేది ఆమే కదా.

పాపం, ఆమె మీద అరవడానికి ఈ ఏడాది నాకు కారణాలకూ కరువు లేదు. నా చొక్కాలన్నిటికీ గుండీలు పీకేసి ప్రెస్ బటన్లు కుట్టింది. నేనేమైనా చంటిపిల్లవాణ్ణా అని అరిచాను. గుండీలు ఉతుకులకు విరుగుతున్నాయంది. ఎప్పుడూ స్టీలు గ్లాసులో చాయ్ ఇచ్చేది, హఠాత్తుగా పిడి ఉన్న కప్పులోకి మార్చింది. ఇదేమైనా హోటలా అని అరిచాను. గ్లాసులు సొట్టలు పోయాయంది. నా హవాయి చెప్పులు ఎవరికో ఇచ్చేసి, వెనక పట్టీ ఉన్న చెప్పులు తెచ్చిపెట్టింది. దానికి కూడా అరిచాను.

మోకాళ్ళ తైలం దగ్గర మాత్రం నేను మంచి పని చేశాననే అనుకున్నాను. మొన్నటి దసరాకు మా తమ్ముడి వాళ్ళూ, బావమరిది వాళ్ళూ అందరూ మా ఇంట్లోనే ఉన్నారు. మా వైపు దసరా నాడు జమ్మి ఆకు బంగారమని చేతిలో పెట్టి, పెద్దవాళ్ళ కాళ్ళకు మొక్కుతారు. నేను మా ఆవిడ చేతిలో జమ్మి పెట్టాను. ఆమె నా కాళ్ళకు మొక్కడానికి వంగింది. వంగిన మనిషి ఎంతసేపటికీ లేవదే. "నీ బేరింగులు పోయినయి, ఓవరాలింగ్ చేయాలె" అన్నాను. అందరూ పడీ పడీ నవ్వారు. ఆమె కూడా నవ్వుతూనే లేచింది. తర్వాత నాకే జాలేసి, బేగంపేటలో ఒక కస్టమరుకు కారు అప్పజెప్పి వస్తూ మోకాళ్ళ నొప్పుల తైలం సీసా తెచ్చిచ్చాను. ఆ సీసా కిటికీలో అట్లాగే ఉండిపోయింది. ఇంత ప్రేమగా తెస్తే రాసుకోవేం అని దానికీ రెండు మూడుసార్లు గొడవపడ్డాను.

అల్వాల్ నుంచి ఒక టీచరమ్మ వస్తుంది. చాలా ఏళ్ళుగా మా కస్టమరు. ఆమెకు దుమ్ము పడదు, అద్దాలు దించి కారు నడిపితే సాయంత్రానికి ఊపిరాడదు. ఎండలు మొదలవుతుండగా ఆమె కారు ఏసీ చల్లబడటం లేదని తెచ్చింది. కంప్రెసర్ ముందు సీలు కారుతోంది. మార్చి ఇచ్చాను. మూడు వారాలకు గ్యాసంతా పోయి వెనక్కి వచ్చింది. మళ్ళీ మార్చాను. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది. నా ఇరవై ఆరేళ్ళలో ఒకే కారు ఒకే పనికి మూడుసార్లు రావడం ఎన్నడూ లేదు.

సీళ్ళు అమ్మే దుకాణానికి పోయి నానా మాటలు అన్నాను. డూప్లికేట్ సరుకు అంటగడుతున్నావన్నాను. ఆ దుకాణదారు నా వయసువాడే, నా కోపం ఎరిగినవాడు. నాలుగు సీళ్ళు తీసి కౌంటరు మీద వరసగా పెట్టి, నీ చేత్తో నువ్వే ముట్టుకుని చూసి మంచిది తీసుకుపో అన్నాడు. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకున్నాను. నాలుగూ నాకు ఒక్కలాగే ఉన్నాయి, అంచు ఎక్కడో నడుమ ఎక్కడో కూడా తెలియలేదు. ఏదో ఒకటి జేబులో వేసుకుని, తల వంచుకుని వచ్చేశాను.

టీచరమ్మ అరిచినా బాగుండేది. ఆమె తాళం చెవులు ఇచ్చి, ఇంకోసారి చూడండి, వేరే చోటికి పోవాలని లేదు అంది. మాట్లాడుతుంటే మధ్యమధ్య ఆయాసం వస్తోంది. అది విన్నాక నాలో నేను ఒక మాట అనుకున్నాను. ఈసారి కూడా కారితే ఇక షట్టరు ఎత్తేది లేదు.

మర్నాడు కంప్రెసర్ దింపి బల్ల మీద పెట్టాను. నూనె వంపి, ఎంత వచ్చిందో కొలిచి రాసుకున్నాను, మళ్ళీ అంతే పోయాలి కాబట్టి. ముందున్న క్లచ్ విప్పి, పుల్లీ తీసి, సీలును పట్టి ఉంచే లాకు తీసి, సీలు లాగేశాను. ఈసారి అక్కడితో ఆగలేదు. బోల్టులన్నీ విప్పి డబ్బాను రెండుగా తెరిచి, షాఫ్ట్ మొత్తం బయటికి తీశాను. దాన్ని కడిగి తుడిచి చూస్తే మెరిసే గీత ఉంది. ప్రతి షాఫ్టుకూ ఉండేదే. గోరుతో లాగాను. ఏమీ తెలియలేదు. ఏమీ లేక తెలియలేదో, నా వేలు చచ్చిపోయి తెలియలేదో, అదే తెలియలేదు.

అప్పుడు నేను చేసిన పని రాయడానికి సిగ్గుగానే ఉంది. గడ్డం గీసుకునేటప్పుడు గమనించాను, నా పెదవికి ఇంకా అన్నీ తెలుస్తున్నాయి. అందుకని షాఫ్టును కింది పెదవికి ఆనించి మెల్లగా తిప్పడం మొదలుపెట్టాను. కళ్ళు మూసుకున్నాను. ఉస్తాద్ చెప్పినట్టే. ఏదో ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. ఇంకొంచెం గట్టిగా ఒత్తాను.

"ఏందీ, దానికి ముద్దు పెడుతున్నవా?"

కళ్ళు తెరిస్తే మా ఆవిడ. చేతిలో నా అన్నం డబ్బా. పొద్దున కప్పు గురించి అరిచి, ఆ కోపంలో డబ్బా ఇంట్లోనే మరిచి వచ్చాను. ఎండలో పడి ఆటోలో తెచ్చింది. మామూలుగా షెడ్డుకు రాదు, నేను రానివ్వను. నవ్వుతూ నిలబడింది కానీ నా మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. డబ్బా బల్ల మీద పెట్టి, నా చేతిలోంచి షాఫ్ట్ తీసుకుంది. కొంగుతో తుడిచింది. గోటితో ఒక్కసారి లాగి, చీర అంచు మీద పోగు లేచిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. "ఈడ తట్టుతుంది గద."

ఒళ్ళు మండింది నాకు. ఫాల్స్ కుట్టుకునే దానివి నీకేం తెలుసు, ఇది ఎన్నేళ్ళ పనో తెలుసా అని నోటికొచ్చినట్టల్లా అన్నాను. పక్క షెడ్డువాళ్ళు తొంగిచూశారు. ఆమె నా చూపుడువేలు పట్టుకుని, ఆ గోటిని షాఫ్ట్ మీద ఆనించి, తన చేత్తోనే అడ్డంగా లాగింది. తగిలిందా అని అడిగింది. అబద్ధం చెప్పొచ్చు. నాకు నోరు రాలేదు. లేదన్నాను. బొటనవేలితో లాగింది. లేదన్నాను. నడిమివేలితో లాగింది.

"నా చేతులు పోయినయే," అన్నాను.

ఆ మాట బయటికి వచ్చాక ఇక ఆగలేదు. పట్టపగలు, షట్టరు తెరిచే ఉంది, గ్రీజు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు ఏడ్చాను, మళ్ళీ ఇప్పుడే. రింగు పళ్ళెంలో ఉండిపోవడం, నాలుగు సీళ్ళ ముందు నిలబడటం, టీచరమ్మ ఆయాసం అన్నీ చెప్పాను. షెడ్డు మూసేస్తానన్నాను. ఆమె స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుని మొత్తం విన్నది. ఆశ్చర్యపోలేదు. అప్పుడు నేనది గమనించలేదు.

"అన్నం తిను," అంది. "తిన్నంక ఏం చేయాలెనో చెప్పు. నేను చేస్త."

తిన్నాను. పప్పు, బెండకాయ వేపుడు. ఏడ్చాక మనిషికి ఎంత ఆకలేస్తుందో.

అరిగిన షాఫ్ట్ పనికిరాదు, దాని మీద ఏ సీలూ నిలవదు. రెండుసార్లు నేను చేసిన తప్పు అదే. తప్పు దుకాణదారుది కాదు, సీలుది కాదు. షెడ్డు మూల పాత కంప్రెసర్ల కుప్పలో అదే రకానివి మూడున్నాయి. మూడూ విప్పి, షాఫ్టులు తీసి కడిగి, ఆమె ముందు గుడ్డ మీద పెట్టాను. గాజులు మోచేతి వైపు ఎక్కించి రబ్బరు బ్యాండు వేసుకుంది. నేనేమీ చెప్పలేదు, తనంతట తనే కళ్ళు మూసుకుంది. మా ఉస్తాద్ ఉంటే ఏమనేవాడో అనిపించింది.

మొదటిది కాదంది. రెండోది సుత కాదంది. మూడోది అటూ ఇటూ నాలుగుసార్లు లాగి, ఇది మంచిగుంది అంది. నాకు నమ్మకం కుదరలేదు. నా బుద్ధి అంతే. ఆమె కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాయి కదా అని టీచరమ్మ కారు షాఫ్టును చప్పుడు కాకుండా ఆమె చేతిలో పెట్టాను. గోరు ఆనించగానే, ఇది ఇందాకటిదే, నన్ను ఆటపట్టిస్తున్నవా అంది. ఆ రోజు నేను మొదటిసారి నవ్వింది అప్పుడు.

ఎంచిన షాఫ్టును లోపల పెట్టి, డబ్బా మూసి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ వచ్చాను. బలంతో, కంటితో అయ్యే పనులు నాకింకా పోలేదు. సీలు దగ్గరికి వచ్చేసరికి తప్పుకుని ఆమెకు జాగా ఇచ్చాను. సీలును కంప్రెసర్ నూనెలో ముంచాలని, పొడిగా తొడిగితే మొదటి తిప్పుడుకే చిరుగుతుందని చెప్పాను. షాఫ్ట్ కొసకు పళ్ళుంటాయి, అవి అంచును కోసేయకుండా ముందుగా ఒక సన్నని టోపీ తొడుగుతాం. దాని మీదుగా సీలును లోపలికి జార్చాలి. ఆమె రెండు వేళ్ళతో జార్చసాగింది. సగం దూరం పోయి ఆగింది. నేనాగలేదు. తొయ్యి, తొయ్యి అని అరిచాను.

"అరవకు. నువ్వు అరుస్తే నాకు తెలుస్తలేదు."

నోరు మూసుకున్నాను. ఆమె తల కొంచెం పక్కకు వంచి, వేలికొస లోపలికి పెట్టి, చుట్టూ తిప్పింది. ఒక పక్క అంచు లోపలికి మడతపడిందంది. నేనైతే ఆ మడత మీదే తోసేసేవాణ్ణి. ఇంతకు ముందు ఎన్ని కంప్రెసర్లలో అట్లా తోసేశానో దేవుడికే తెలియాలి. ఆమె సీలును వెనక్కి తీసింది, మళ్ళీ నూనె రాసింది, మెల్లగా తిప్పుతూ తిప్పుతూ లోపలికి పంపింది. చీర అంచు ముడత పడకుండా ఫాల్ కూర్చోబెట్టే చేతులవి. రబ్బరును మనాయించడమంటే ఏమిటో ఉస్తాద్ నాకు మూడేళ్ళు నేర్పాడు. ఆమెకు ఎవరూ నేర్పలేదు.

కూర్చుందంది. లాకు వేశాను. షాఫ్టును చేత్తో పది చుట్లు తిప్పాను. నున్నగా తిరిగింది.

మర్నాడు కారుకు ఎక్కించి, లీకు చూడటానికి నైట్రోజన్ నింపి, ఆమె ఇచ్చిన సీసాలోంచి కుంకుడు నురగ తీసి సీలు చుట్టూ పూశాను. ఇద్దరం బానెట్ కిందికి వంగి చూస్తూ నిల్చున్నాం. ఒక్క బుడగ లేవలేదు. నాకు నమ్మకం లేక మళ్ళీ పూశాను. లేవలేదు. గాలంతా లాగేసి మధ్యాహ్నం దాకా వదిలేస్తే గేజీ ముల్లు పెట్టిన చోటే ఉంది. అప్పుడు గ్యాసు నింపాను. సాయంత్రం టీచరమ్మ వచ్చి కూర్చుని, అద్దాలు మూసుకుని, చల్లగాలి మొహానికి తగులుతుంటే ఒక నిమిషం కళ్ళు మూసుకుంది. ఆమెకు అసలు సంగతి చెప్పాను. సీళ్ళలో లోపం లేదని, అరిగిన షాఫ్టును నేను పట్టుకోలేకపోయానని, పట్టుకున్నది మా ఆవిడని చెప్పాను. మా ఆవిడ పాత షాఫ్ట్ తెచ్చి ఆమె చేతిలో పెట్టి, గోటితో చూడండమ్మా అంది. టీచరమ్మ లాగి చూసి, అవును, తగులుతోంది అంది. ఆ గీత అందరికీ తగిలింది, నాకు తప్ప. కానీ ఆ సాయంత్రం నాకు అంత బాధ అనిపించలేదు.

అది వైశాఖం ఎండల్లో. ఇప్పుడు వానలు పడుతున్నాయి. ఆ కారు మళ్ళీ వెనక్కి రాలేదు. దుకాణదారు దగ్గరికి పోయి తప్పు నాదేనన్నాను, ఆయన చాయ్ తెప్పించాడు. మా ఆవిడ నన్ను డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. పోయిన స్పర్శ తిరిగొస్తుందని చెప్పలేను, మాత్రలు సరిగ్గా వేసుకుంటే ఇంకా పోకుండా చూసుకోవచ్చు అన్నాడాయన. వేసుకుంటున్నాను. మధ్యాహ్నం అన్నం డబ్బాతో పాటు ఆమె కూడా షెడ్డుకు వస్తుంది. నేను విప్పుతున్నంతసేపూ ఒక మూల కూర్చుని ఫాల్స్ కుట్టుకుంటుంది, సీలు దగ్గరికి రాగానే పిలుస్తాను. సందులో మొదట నవ్వారు. ఇప్పుడు తమ షాఫ్టులు కూడా తెచ్చి, అమ్మా జెర చూడు అంటున్నారు.

అయితే నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. టీచరమ్మ కారు తీసుకుపోయిన ఆ సాయంత్రం మాటే.

ఇంటికి వచ్చి చొక్కా విప్పబోయాను. ఒక్క గుంజుతో ప్రెస్ బటన్లన్నీ టకటకా ఊడాయి. గుండీలయితే ఈ వేళ్ళతో ఎంతసేపు పట్టేదో అనుకున్నాను. అనుకుని అక్కడే ఆగిపోయాను. చాయ్ తెచ్చి పెట్టింది, పిడి ఉన్న కప్పులో. స్టీలు గ్లాసయితే కాలేది, కాలినా నాకు తెలిసేది కాదు. గడప దగ్గర పట్టీ చెప్పులున్నాయి. హవాయి చెప్పులు ఎప్పుడు జారిపోయేవో నాకు తెలియనే తెలియదు. నా కాళ్ళు కూడా మొద్దుబారుతున్నాయని డాక్టరు తర్వాతెప్పుడో చెప్పాడు. ఆమె అప్పటికే చెప్పులు మార్చేసింది. ప్రెస్ బటన్లు కుట్టింది దీపావళికి ముందు. నాకు నా వేళ్ళ సంగతి తెలిసింది చలికాలం చివర్లో.

ఆమె మంచం మీద కూర్చుని ఎవరిదో చీరకు ఫాల్ కుడుతోంది. ఎప్పటి నుంచి ఎరుక నీకు అని అడిగాను. తల ఎత్తకుండానే, దసరా నుంచి అంది. దసరాకు నాకే తెలియదు, నీకెట్లా తెలుస్తుందని వాదించాను. వాదించడం నాకు అలవాటు కదా.

"నా చేతిల జమ్మి పెట్టినవు గద," అంది. "నీ చేతిల ఆకు లేదు. కింద పడ్డది. నీకు ఎరుక కాలె. అందరు చూస్తున్నరు. నేను పిడికిలి మూసుకున్న."

నాకు ఆ రోజు కళ్ళ ముందుకు వచ్చింది. బంగారం పెట్టానన్న ధీమాతో ఖాళీ వేళ్ళు ఆమె అరచేతికి తాకించాను. ఆమె పిడికిలి మూసి, ఆ ఖాళీ చేతిని కళ్ళకు అద్దుకుంది. చల్లగుండు అని దీవించాను కూడా. మరి ఆ ఆకేమైందని అడిగాను.

దారం కొరికి, సూది చీరకు గుచ్చి, అప్పుడు నా వైపు చూసింది. "నీ కాళ్ళ కాడ పడ్డది. ఎవరన్న చూస్తరని మొక్కుకుంట దేవులాడిన. జెర సేపు పట్టింది దొరికేతందుకు."

మా తమ్ముడూ, బావమరిదీ, ఆడవాళ్ళూ పడీ పడీ నవ్వడం నా చెవుల్లో వినబడింది. ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వింది. ఏడు నెలలుగా మెట్లు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, కింద కూర్చునేటప్పుడు ఆమె మోకాళ్ళ మీద నేనెన్ని మాటలన్నానో. కిటికీ వైపు చూశాను. మూత కూడా తీయని తైలం సీసా అట్లాగే ఉంది.

"మరి నీ మోకాళ్ళు?" అన్నాను.

"నా మోకాళ్ళకేమైంది?" అంది. "మంచిగనే ఉన్నయి."